పాత ట్రావెలర్‌ని ఇల్లు చేశారు సరే, సైలెన్సర్ సంగతేంటి?

ముందుగా ఒక చిన్న క్లారిటీ. రాజంపేట అనగానే సగం మంది రాయలసీమ రాజంపేట అనుకుంటారు. అది కాదు. మనది కామారెడ్డి జిల్లా రాజంపేట. హైదరాబాద్ నుంచి 44వ నంబర్ నేషనల్ హైవే పట్టుకొని వస్తే, భిక్కనూర్ దాటినంక కామారెడ్డి వస్తుంది కదా, ఆ చుట్టుపక్కలే. ఈ ఎపిసోడ్ ఇక్కడి నుంచే.

విషయం ఏంటంటే, మా దగ్గర ఒక అన్న పాత టెంపో ట్రావెలర్ కొన్నాడు. తొంభైల నాటి బండి. పెళ్ళిళ్లకు, తిరుపతి ట్రిప్పులకు తిరిగి తిరిగి అలిసిపోయిన బండి. సీట్లన్నీ పీకేసి, లోపల ఒక మంచం, చిన్న స్టవ్, సింకు, పైన సోలార్ ప్యానెల్ పెట్టించాడు. వుడ్ వర్క్ అయితే మస్తుంది, నిజంగా. ఇప్పుడు ఆయన ప్రశ్న ఇది: "తమ్మీ, సైలెన్సర్ మార్చాలె. మంచి బేస్ సౌండ్ రావాలె, జర పికప్ కూడా పెరగాలె. ఏం పెట్టమంటవ్?"

నేను తిరిగి అడిగింది ఒక్కటే. "అన్నా, సౌండ్ సంగతి తర్వాత. ఈ బండిలో రాత్రి పండుకుంటవా, పండుకోవా?"

ఎందుకంటే మామూలు బండికీ, పడుకునే బండికీ అసలు తేడా అక్కడే ఉంది. మామూలు వ్యాన్‌లో సైలెన్సర్ లీక్ అయితే చప్పుడు వస్తుంది, కొంచెం వాసన వస్తుంది, అద్దం దించుతాం, అయిపోయింది. పడుకునే బండిలో అద్దాలు మూసి ఉంటాయి, దోమలు రాకుండా సందులన్నీ మూసేస్తాం, మనం నిద్రలో ఉంటాం. అదే లీకు అప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2024 డిసెంబర్ 23న కేరళలో, కోజికోడ్ జిల్లా వడకర దగ్గర, నేషనల్ హైవే పక్కన ఆగి ఉన్న ఒక క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఒంటి మీద దెబ్బల్లేవు, గొడవ జరిగిన గుర్తుల్లేవు. తర్వాత కాలికట్ ఎన్ఐటీ నిపుణులు అదే బండిలో జనరేటర్ నడిపి కొలిచారు. జనరేటర్ పొగ కింద ఫ్లోర్‌లో ఉన్న ఒక రంధ్రం గుండా లోపలికి వచ్చిందని, రెండు గంటల్లో కార్బన్ మోనాక్సైడ్ 950 పీపీఎం దాటిందని తేలింది. ఫ్లోర్‌లో ఒక్క రంధ్రం. అంతే.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మనకు వచ్చే పొగ వాసన అంతా దాంతో పాటు వచ్చే మిగతా వాటిది. అది రక్తంలోకి వెళ్ళాక హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సీట్ల కోసం కొట్లాటలో ముందే రుమాలు వేసి కూర్చున్నట్టు. ఆక్సిజన్ బయటే నిలబడి ఉంటుంది, సీటు దొరకదు. మొదట తలనొప్పి, వికారం, నీరసం. మెలకువగా ఉన్నవాడు "బయటికి పోయి గాలి పీలుస్తా" అంటాడు. నిద్రలో ఉన్నవాడు ఏమీ అనడు.

"డీజిల్ బండి కదా, దానిలో ఈ గ్యాస్ తక్కువే కదా" అని కొందరు అంటారు. తక్కువే, ఒప్పుకుంటా. డీజిల్ ఇంజిన్ గాలి ఎక్కువ పీల్చి ఇంధనం తక్కువ కాలుస్తుంది, అందుకే మోనాక్సైడ్ తక్కువ. పెట్రోల్ అయితే లెక్క వేరే. మన పొల్యూషన్ సర్టిఫికెట్ టెస్టులో పాతకాలం పెట్రోల్ కార్లకు ఇచ్చిన లిమిటే 3 శాతం. 3 శాతం అంటే 30,000 పీపీఎం. అంటే టెస్ట్ పాసైన బండి పొగ కూడా మూసిన గదిలో మనిషిని చంపగలదు. డీజిల్ తక్కువ అన్నంత మాత్రాన సున్నా కాదు. ఇంజెక్టర్లు అరిగిపోయి, నల్ల పొగ తోలే పాత డీజిల్‌ని అస్సలు నమ్మొద్దు. దానికి తోడు క్యాంపర్లలో చాలామంది పక్కన చిన్న పెట్రోల్ జనరేటర్ పెడతారు. దాని పొగ గురించి ఎవరూ ఆలోచించరు.

ఇక బండిలో ఇల్లు అంటే ఇదేదో కొత్త ఇన్‌స్టా ట్రెండ్ అనుకునేవాళ్ళకు ఒక మాట. తెలుగు వాళ్ళ మోస్ట్ ఫేమస్ మోటర్‌హోమ్ మనం పుట్టకముందే రోడ్ల మీద తిరిగింది. ఎన్టీఆర్ చైతన్య రథం. 1982 మార్చి 29న పార్టీ పెట్టాక, 1940ల నాటి పాత షెవర్లే వ్యాన్‌ని మార్పించి, హరికృష్ణ నడుపుతుంటే, నెలల తరబడి రాష్ట్రమంతా తిరిగారు. తిండి, నిద్ర చాలావరకు ఆ బండి దగ్గరే. 1983 జనవరిలో ఎన్నికలు అయ్యేసరికి ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయం పక్కన పెట్టండి, మెకానిక్ కోణంలో చూడండి. నలభై ఏళ్ల పాత బండి, రోజుకు పదుల చోట్ల ఆగడం, మళ్ళీ స్టార్ట్ చేయడం, మనుషుల నడకంత స్పీడులో గంటల తరబడి కదలడం. వెనక నుంచి గాలి లేదు, కింద రోడ్డు వేడి. ఏ బండి ఎగ్జాస్ట్‌కైనా హైవే మీద తొంభైలో పోవడం కంటే ఈ పనే కష్టం. మీ క్యాంపర్ కూడా ఘాట్ రోడ్డులో, జాతర ట్రాఫిక్‌లో చేసేది సరిగ్గా ఇదే.

సరే, మన ట్రావెలర్‌కి వద్దాం. ఈ బండి 1987లో వచ్చింది. మెర్సిడెస్ టీ1 వ్యాన్ డిజైన్, దాంట్లో మెర్సిడెస్ లైసెన్స్‌తో మన దగ్గరే తయారైన ఓఎం 616 డీజిల్ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు, పాతవాటికి టర్బో లేదు. తొంభైల బండి కాబట్టి క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు, డీపీఎఫ్ లేదు, సెన్సార్ల గొడవ లేదు. ఇది మనకు మంచిదే. మీ దగ్గర బీఎస్-4, బీఎస్-6 బండి ఉంటే మాత్రం ఈ ఎపిసోడ్ చూసి కన్వర్టర్ పీకేయకండి, ప్లీజ్. దాని కథ పూర్తిగా వేరే.

మన మెకానిక్‌లు మొత్తానికీ కలిపి "సైలెన్సర్" అంటారు. కానీ లోపల నాలుగైదు ముక్కలున్నాయి. ఇంజిన్ హెడ్‌కి బోల్టులతో బిగించిన ఇనుప కొమ్ము లాంటిది మేనిఫోల్డ్. దాని కింద ఫ్రంట్ పైపు. తర్వాత డబ్బా, అదే అసలు సైలెన్సర్. చివర టెయిల్ పైపు. మధ్య మధ్యలో ప్యాకింగులు, క్లాంపులు, వేలాడదీసే రబ్బర్లు. నేను ఐటీలో పనిచేసినప్పుడు సర్వర్ స్లోగా ఉందంటే మొదట కొత్త సర్వర్ కొనేవాళ్ళం కాదు, ఎక్కడ ఆగుతుందో చూసేవాళ్ళం. ఇక్కడ కూడా అంతే. డబ్బా మార్చే ముందు చివరి నుంచి మొదటి దాకా చూడాలి.

చూడటం ఎలా అంటే, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. బండి ఆరుబయట ఉండాలి, షెడ్డులో కాదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకరు మందంగా మడిచిన తడిగుడ్డతో టెయిల్ పైపుని కొద్ది సేపు అడ్డుకోవాలి. ఇంకొకరు పక్కన కూర్చొని వినాలి. లీక్ ఉన్న చోట "చుఫ్ చుఫ్" అని వస్తుంది. జాయింట్ల మీద సబ్బు నీళ్ళు చల్లితే బుడగలు వస్తాయి. ఇదంతా మొదటి రెండు మూడు నిమిషాల్లోనే చేయాలి, తర్వాత పైపు చేయి కాల్చేస్తుంది. మేనిఫోల్డ్ దగ్గర నల్లటి మసి గీత కనిపిస్తే, అక్కడ ప్యాకింగ్ పోయిందని అర్థం. ట్రావెలర్‌లో ఇంకో సంగతి, బానెట్ పొట్టిగా ఉండి ఇంజిన్ వెనక భాగం క్యాబిన్ లోపలికి వస్తుంది. డ్రైవర్ పక్కన ఉండే ఇంజిన్ కవర్, దాని చుట్టూ రబ్బర్ చూడండి. మేనిఫోల్డ్ లీకు, పాడైన కవర్ రబ్బరు, ఈ రెండూ కలిసిన బండిలో పొగ నేరుగా మీ ముక్కు దగ్గరికే వస్తుంది.

మేనిఫోల్డ్ బోల్టుల దగ్గర తొందర పనికిరాదు. ముప్పై ఏళ్లు వేడెక్కి చల్లారిన బోల్టులవి. ముందు రోజు రాత్రే తుప్పు ఆయిల్ కొట్టి వదిలేయండి, మళ్ళీ పొద్దున కొట్టండి. పట్టు పట్టి తిప్పితే బోల్టు తల ఊడి చేతికొస్తుంది. అప్పుడు హెడ్‌లో మిగిలిన ముక్కని డ్రిల్ చేసి తీయాలి, అది ఒక రోజు పని. తిరిగి బిగించేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి పోవాలి, ఒక్కసారే కాకుండా రెండు మూడు దఫాల్లో. ఒక పెద్ద డ్రైవ్ అయ్యాక చల్లారనిచ్చి మళ్ళీ టైట్ చూసుకోవాలి. ఇంకొకటి, పాత ప్యాకింగులలో, పైపులకు చుట్టిన తాడులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకి, ఊదకండి. తడిపి తీయండి, మాస్క్ పెట్టుకోండి.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే ప్రశ్న. పైపు ఎంత లావు పెట్టాలి? యూట్యూబ్‌లో ఒకరు "ఎంత లావుంటే అంత పవర్" అంటారు, ఇంకొకరు "బ్యాక్ ప్రెషర్ ఉండాలి బ్రో, లేకపోతే టార్క్ పోతుంది" అంటారు. లెక్క వేద్దాం, ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు.

ఇంజిన్ 2.4 లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి అంత గాలి పీలుస్తుంది. 3,500 ఆర్‌పీఎంలో నిమిషానికి 1,750 సార్లు, అంటే 4,200 లీటర్లు. సెకనుకి 70 లీటర్లు. పూర్తిగా నిండదు కాబట్టి 60 అనుకుందాం. కానీ బయటికి వచ్చేటప్పుడు అది వేడి గాలి. 500 డిగ్రీల దగ్గర అదే గాలి రెండున్నర రెట్లు ఉబ్బుతుంది. అంటే సెకనుకి 150 లీటర్లు. ఇది ఫుల్ లోడ్ మీద మేనిఫోల్డ్ దగ్గరి లెక్క, వెనక్కి పోయేకొద్దీ చల్లబడి తగ్గుతుంది. లోపల 48 మిల్లీమీటర్లు ఉండే పైపులో, అంటే మామూలుగా రెండు అంగుళాల పైపు, ఈ గాలి గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోవాలి. 54 మిల్లీమీటర్లు అయితే 235. 60 అయితే 190.

పైపులో రాపిడి వల్ల పోయే ప్రెషర్, అదే గాలికి, పైపు వ్యాసం ఐదో ఘాతంతో తగ్గుతుంది. ఇంటర్‌లో చదివి మర్చిపోయిన ఫిజిక్స్ ఇక్కడ పనికొచ్చింది చూడండి. 48 నుంచి 54కి పోతే, ఆరు మిల్లీమీటర్ల తేడాకే, రాపిడి దాదాపు 45 శాతం తగ్గుతుంది. 60కి పోతే మూడో వంతుకు దిగుతుంది. అంటే మొదటి చిన్న అడుగులోనే లాభం చాలావరకు వచ్చేసింది. ఆ తర్వాత లావు పెంచితే వచ్చేది చప్పుడు, బరువు, కింద చోటు చాలకపోవడం. అందుకే ఈ ఇంజిన్‌కి నా ఓటు రెండుంపావు అంగుళాలకు. టర్బో ఉంటేనే రెండున్నర.

"బ్యాక్ ప్రెషర్ కావాలి" అనే మాట గురించి కూడా చెప్పేస్తా. ఏ ఇంజిన్‌కీ అడ్డంకి అవసరం లేదు. అసలు విషయం ఏంటంటే, పెట్రోల్ ఇంజిన్లలో పైపు పొడవు, లావు సరిగ్గా కుదిరితే ఒక సిలిండర్ నుంచి పోయే గాలి ఇంకో సిలిండర్‌లో మిగిలిన పొగను లాగుతుంది. పైపు మరీ లావైతే గాలి వేగం తగ్గి ఆ లాగుడు పోతుంది. జనం దాన్నే "ప్రెషర్ తగ్గింది, టార్క్ పోయింది" అని చెప్పుకున్నారు. కార్బురేటర్ ఉన్న పాత పెట్రోల్ వ్యాన్ అయితే ఎగ్జాస్ట్ మార్చాక మిక్చర్ మళ్ళీ సెట్ చేయించుకోవాలి. మన డీజిల్‌కి ఆ బాధ లేదు.

ఇక పికప్ ఆశ. నిజం చెప్తా. పాత డబ్బా లోపల మూసుకుపోయి ఉంటే మార్చాక తేడా బాగా తెలుస్తుంది. మూసుకుపోకుండా బాగానే ఉంటే, టర్బో లేని డీజిల్‌లో కొత్త ఎగ్జాస్ట్‌తో పెరిగే పవర్ మీ కాలికి తెలియదు. అనుమానం ఉంటే ఫ్రంట్ పైపుకి చిన్న రంధ్రం చేసి, గేజ్ పెట్టి, పూర్తి రేసులో కొలవండి. 10 కిలోపాస్కల్స్ లోపు ఉంటే డబ్బా మీద నింద వేయకండి. నల్ల పొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, పంపు చూడాలి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగట్లేదంటే కాలని డీజిల్ కావచ్చు, కూలెంట్ కావచ్చు. కొత్త సైలెన్సర్ వీటిలో ఏ ఒక్కదాన్నీ బాగుచేయదు. పొగ బయటికి పోయే దారి మాత్రమే అది.

మెటీరియల్. వెల్డింగ్ షాపులో "జీఐ పైపు ఉంది అన్నా, ఇదే పెడదాం, తుప్పు పట్టదు" అంటారు. వద్దు అని గట్టిగా చెప్పండి. నల్లా పైపు అది. దాని మీదున్న జింక్ 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, వెల్డింగ్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఆ తెల్ల పొగ పీల్చిన వెల్డర్‌కి రాత్రికి చలి జ్వరం వస్తుంది, ఒళ్ళంతా నొప్పులు. ఆ మనిషి మన పని చేసినందుకు జ్వరం తెచ్చుకోవడం ఏంటి? మామూలు ఎంఎస్ పైపు చవక, పనవుతుంది, కానీ కొన్నేళ్లే. స్టెయిన్‌లెస్‌లో 409 గ్రేడ్‌ని కంపెనీలు ఎగ్జాస్ట్‌లకు వాడతాయి. 304 ఇంకా మంచిది, కానీ వేడికి ఎక్కువ సాగుతుంది. స్టెయిన్‌లెస్‌ని ఎంఎస్ ఫ్లాంజ్‌కి అతికించాలంటే 309 రాడ్ అడగండి, మామూలు రాడ్‌తో అతికితే అక్కడే పగులుతుంది.

వంపుల దగ్గర కూడా చూడండి. చేతి ప్రెస్‌తో వంచితే పైపు అక్కడ నొక్కుకుపోతుంది. రెండుంపావు పైపు కొని, వంపు దగ్గర ఒకటిన్నర చేసుకుంటే ఇంత లెక్క వేసి ఏం లాభం? పాత ఉస్తాద్‌లు పైపులో పొడి ఇసుక గట్టిగా నింపి, వేడిచేసి వంచుతారు. నెమ్మది పనే కానీ గుండ్రం చెడదు. ఇసుక తడిగా ఉంటే ఆవిరికి పైపు పేలుతుంది, బాగా ఎండబెట్టినదే వాడాలి.

ఇప్పుడు సాగడం లెక్క. మూడు మీటర్ల ఎంఎస్ పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక సెంటీమీటర్ పొడవు పెరుగుతుంది. 304 అయితే ఒకటిన్నర సెంటీమీటర్. పైగా ఇంజిన్ రబ్బర్ మౌంట్ల మీద ఊగుతుంటుంది, ఛాసిస్ ఊగదు. రెండింటి మధ్య పైపుని గట్టిగా వెల్డ్ చేసి పెడితే ఏదో ఒకటి పగలాలి, ఎక్కువగా మేనిఫోల్డ్ పగులుతుంది. అందుకే ఫ్రంట్ పైపు తర్వాత ఒక ఫ్లెక్సిబుల్ ముక్క, వెనకంతా రబ్బర్ హ్యాంగర్లు. ఇనుప పట్టీతో నేరుగా ఛాసిస్‌కి వెల్డ్ చేస్తే ఇంజిన్ వణుకుడు మొత్తం మీ మంచం దాకా వస్తుంది.

బేస్ సౌండ్ సంగతికి వద్దాం, అన్న దీనికోసమే కదా వచ్చింది. సైలెన్సర్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి లోపల గదులు, అడ్డు ప్లేట్లు ఉండేది. శబ్దం అలలు ఒకదానికొకటి కొట్టుకొని చల్లబడతాయి. ఇంకోటి నేరుగా పోయే చిల్లుల పైపు, చుట్టూ గ్లాస్ వుల్. దీన్నే "ఫ్రీ ఫ్లో" అని అమ్ముతారు. ఇది సన్నటి శబ్దాన్ని బాగా తింటుంది, లావు శబ్దాన్ని సరిగ్గా తినదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ శబ్దం ఫ్రీక్వెన్సీ తెలుసుకోవాలంటే ఆర్‌పీఎంని 30తో భాగించండి. మీ క్యాంపర్ లోపలి గది మూడు మీటర్ల పొడవుంటే, ఆ డబ్బా సహజంగా మోగే ఫ్రీక్వెన్సీ 57 హెర్ట్జ్ దగ్గర. 57 ఇంటూ 30, అంటే దాదాపు 1,700 ఆర్‌పీఎం. ఊళ్ళ మధ్య నిదానంగా పోయే స్పీడు అదే. "ఊఁఁఁ" అని తలలో రొద. పది నిమిషాలు బాగుంటుంది, ఆదిలాబాద్ చేరేసరికి తల పగిలిపోతుంది. బైక్ మీద ఆ సౌండ్ వెనక్కి పోతుంది. వ్యాన్‌లో మీరు స్పీకర్ డబ్బా లోపల కూర్చున్నట్టు. కాబట్టి గదులున్న పెద్ద డబ్బా పెట్టండి. ఇంకా రొద ఉంటే వెనక చిన్న రెండో డబ్బా పెట్టుకోవచ్చు.

వేడి గురించి కూడా క్యాంపర్‌లో కొత్తగా ఆలోచించాలి. ఫ్యాక్టరీ బండికి కింద ఇనుప ఫ్లోర్. మీరు పైన ప్లైవుడ్, థర్మాకోల్, వినైల్ వేశారు. పైపు సరిగ్గా వాటి కిందే పోతుంటే మధ్యలో రేకు షీల్డ్ కావాలి. షీల్డ్‌కీ ఫ్లోర్‌కీ మధ్య ఒక అంగుళమైనా గాలి సందు ఉండాలి. రేకుని ఫ్లోర్‌కి అంటించేస్తే అది షీల్డ్ కాదు, పెనం. గ్యాస్ పైపు, వైరింగ్, నీళ్ళ ట్యాంక్ ఎగ్జాస్ట్ ఉన్న వైపు కాకుండా రెండో వైపు నుంచి తీయండి. డీజిల్ పైపుకీ ఎగ్జాస్ట్‌కీ మధ్య కనీసం 35 మిల్లీమీటర్లు ఉండాలని సెంట్రల్ మోటర్ వెహికల్స్ రూల్స్‌లో 113వ రూలే ఉంది. నా మాటైతే దానికి మూడింతలు పెట్టండి. ఇంకో మన ఊరి సంగతి. వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోస్తారు కదా, పక్కన ఎండుగడ్డి, మక్క పొట్టు. దూరం నుంచి వచ్చిన బండిని, కాలుతున్న పైపుతో, దాని మీద తీసుకెళ్ళి ఆపకండి.

టెయిల్ పైపు ఎక్కడ ముగియాలి? చాలామంది సింకు పైపుకో, ట్యాంకుకో చోటు కావాలని టెయిల్ పైపుని బండి మధ్యలోనే కోసేస్తారు. ఈ మొత్తం ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించే పని ఇదే. పొగ ఫ్లోర్ కింద పేరుకుంటుంది, వైర్ల కోసం, సింకు కోసం మీరే చేసిన రంధ్రాల గుండా పైకి వస్తుంది. పైపు బాడీ అంచు దాటి రెండు మూడు అంగుళాలు బయటికి రావాలి. 112వ రూల్ ప్రకారం పొగ నేల మీదికీ కొట్టకూడదు, ఎడమ పక్కకీ కొట్టకూడదు. ఎడమ పక్కే మనుషులు నడుస్తారు, మన తలుపు కూడా అటే ఉంటుంది. వెనక కుడి మూల బెస్ట్.

అక్కడితో ఐపోలేదు. డబ్బాలాంటి బండి స్పీడులో పోతుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గి, పొగ తిరిగి వెనక తలుపు వైపే సుడి తిరుగుతుంది. వెనక కిటికీ మాత్రమే తెరిస్తే లోపలికి లాగేసుకుంటుంది. బండి నడుస్తున్నప్పుడు ముందు కిటికీలు తెరవండి, వెనకవి మూయండి. వెనక తలుపు బీడింగ్ రబ్బర్ మార్చండి. దీనికి టెస్ట్ అగరబత్తి. తలుపులన్నీ మూసి, ఫ్యాన్ ఆన్ చేసి, ఫ్లోర్‌లో పైపులు వైర్లు దిగే ప్రతి చోటా అగరబత్తి పట్టుకోండి. పొగ నిటారుగా పోకుండా వంగిందంటే అక్కడ సందు ఉన్నట్టే. రబ్బర్ గ్రోమెట్ వేసి సీలెంట్ కొట్టండి. గ్యాస్ సిలిండర్ తెరిచి ఉన్నప్పుడు మాత్రం ఈ టెస్ట్ చేయొద్దు, చెప్పాల్సిన పని లేదనుకోండి, అయినా చెప్తున్నా.

వాన సంగతి. 2025 ఆగస్టు చివర్లో మన రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, గుర్తుందిగా. కామారెడ్డి చుట్టూ రోడ్లు తెగిపోయాయి. అలాంటి నీళ్ళలో ఇంజిన్ నడుస్తున్నంత సేపు పొగ నీటిని బయటికి తోస్తుంది. ఆగిపోతే నీళ్ళు డబ్బాలోకి వస్తాయి, మళ్ళీ సెల్ఫ్ కొడితే ఇబ్బంది. వరద ఒక్కటే కాదు. ఒక లీటర్ డీజిల్ కాలితే దాదాపు లీటర్ నీళ్ళు ఆవిరిగా పుడతాయి. పది నిమిషాలు నడిపి ఆపేసే బండిలో ఆ ఆవిరి డబ్బాలోనే నీళ్ళై, మసితో, ఆమ్లంతో కలిసి లోపలి నుంచి తింటుంది. పైన పెయింట్ తళతళ, లోపల జల్లెడ. నెలకొకసారైనా అరగంట దూరం నడపండి. కొన్ని డబ్బాలకు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అది నీళ్ళు కారడానికే. ముగించే పని పెట్టుకోకండి.

ఇక లీగల్ పాయింట్లు. పాత సైలెన్సర్ స్థానంలో అలాంటిదే ఇంకోటి పెట్టడం రిపేరు. శబ్దం పెంచేది పెట్టడం నేరం. మోటర్ వెహికల్స్ చట్టం 190(2) కింద, 2019 సవరణ తర్వాత, పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ సస్పెన్షన్ కూడా ఉన్నాయి. పొగ టెస్టులో పాత డీజిల్‌కి లిమిట్ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. సీట్లు తీసి ఇల్లు చేయడం వేరే విషయం, అది సెక్షన్ 52 కింద ఆర్టీఓ అనుమతితో ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. "నాది వింటేజ్ బండి" అనే వాళ్ళకు, 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్నదే. దాన్ని రోజూ రోడ్డు మీద నడపడానికీ కుదరదు. తొంభైల ట్రావెలర్ వింటేజ్ కాదు అన్నా, పాతది. అంతే.

చివరగా కొనాల్సిన వస్తువు ఒకటుంది, సైలెన్సర్ కంటే ముందు కొనాల్సింది. కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఎల్‌పీజీ లీక్ డిటెక్టర్ వేరే, పొగ అలారం వేరే, ఇది వేరే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈఎన్ 50291-2 అని ఉందా చూడండి. ఆ చివరి 2 అంటే క్యాంపర్లకు, పడవలకు టెస్ట్ చేసినదని. ఆ స్టాండర్డ్ అలారం 50 పీపీఎం దగ్గర గంట నుంచి గంటన్నరలో, 100 దగ్గర 10 నుంచి 40 నిమిషాల్లో, 300 దగ్గర మూడు నిమిషాల లోపు మోగాలి. మంచం దగ్గర, తల ఎత్తులో పెట్టండి. ఈ గ్యాస్ గాలితో సమానంగా కలిసిపోతుంది, కింద పేరుకోదు, కాబట్టి ఎల్‌పీజీ డిటెక్టర్ లాగా నేల దగ్గర పెట్టొద్దు. లోపలి సెన్సార్‌కి కూడా ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది, వెనక రాసి ఉంటుంది.

అది మోగితే ముందు బయటికి దిగాలి, తర్వాతే ఇంజిన్ సంగతి, ఫోన్ సంగతి. ఎవరికైనా తల తిరుగుతుంటే 108కి ఫోన్ చేసి "పొగ పీల్చారు" అని స్పష్టంగా చెప్పండి, ఆక్సిజన్‌తో వస్తారు. ఏసీ కోసం ఇంజిన్ గానీ జనరేటర్ గానీ ఆన్ చేసి పడుకోవడం మాత్రం, అలారం ఉన్నా సరే, వద్దు. ఎండాకాలంలో మన దగ్గర రాత్రి కూడా ఉక్కపోతే, తెలుసు. దానికి బ్యాటరీ మీద నడిచే రూఫ్ ఫ్యాన్ ఉంది. దాని వైరింగ్, సోలార్ లెక్క వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం. ఉంటా మరి.